కార్మికుల కోసం కేంద్ర మంత్రి పదవిని వదులుకున్న వి.వి.గిరి

శ్రీకాకుళం: రాష్ట్రపతిగా వరాహగిరి వెంకటగిరి పేరు ఎరుగని వారు అరుదు. అయితే అంతకు పదిహేనేళ్ల ముందు, పాతపట్నం లోక్‌సభ స్థానం నుంచి ఎన్నికైన ఆయన కార్మికుల పక్షాన కేంద్ర మంత్రి పదవిని త్యజించిన సంగతి ఈ తరానికి అంతగా తెలియదు.

1894 ఆగస్టు 10న నాటి గంజాం జిల్లా బరంపురంలో గిరి జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరొందిన న్యాయవాది. న్యాయశాస్త్రం అభ్యసించేందుకు 1913లో ఐర్లండ్ వెళ్లిన గిరి, అక్కడి స్వాతంత్య్ర పోరాటం పట్ల ఆకర్షితులై, 1916 తిరుగుబాటు అనంతరం ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

వాల్తేరు నుంచి హౌరా వైపు సాగే రైలు మార్గం ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే అనే ప్రైవేటు కంపెనీ అధీనంలో ఉండేది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పొట్టపోసుకునే వారిలో తెలుగువారు అసంఖ్యాకులు. ఊరు విడిచి వెళ్లిన ఫిట్టరుకు, ఖలాసీకి కంపెనీతో బేరమాడే శక్తి ఎక్కడిది? ఒక్కడు ఎదురు చెబితే ఆ ఒక్కడి ఉద్యోగమే పోయేది. పదిమందినీ కూడగట్టినా చట్టం రక్షణ ఇచ్చేది కాదు. మద్రాసులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులకు అండగా నిలిచిన బి.పి.వాడియా ప్రభృతులపై యాజమాన్యం హైకోర్టుకెక్కి నిషేధాజ్ఞలు తెచ్చుకున్న కాలమది. కార్మిక సంఘాల చట్టం 1926లో గాని రాలేదు.

ఇటువంటి తరుణంలో గిరి రైల్వే కార్మికులను సంఘటితపరిచారు. వర్క్‌షాపులో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఆయన నాయకత్వాన సాగిన సమ్మె పూర్తిగా అహింసాయుతం. చివరకు కంపెనీయే దిగి వచ్చింది. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఒకరై దానికి అధ్యక్షత వహించారు. ఏఐటీయూసీ అధ్యక్ష పీఠాన్ని 1926లోను, 1942లోను అధిష్ఠించారు.

1937 ఎన్నికలలో సాక్షాత్తు బొబ్బిలి రాజానే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. 1952లో నెహ్రూ ప్రభుత్వంలోనూ అదే శాఖ లభించింది. తగవులను ప్రభుత్వం నిర్బంధంగా ట్రిబ్యునళ్లకు నెట్టడం ఆయనకు గిట్టేది కాదు. యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన దృఢాభిప్రాయం. కోర్టులకు అలవాటుపడిన సంఘానికి బలం సన్నగిల్లుతుందని ఆయన భయం. అది నిరాధారమని చెప్పలేం.

బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో కేంద్ర మంత్రివర్గం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. గిరి సహించలేదు. ఆగస్టులో రాజీనామా సమర్పించారు. దరిమిలా ప్రభుత్వం ఆ వ్యవహారంపై ప్రత్యేక కమిషన్‌ను నియమించక తప్పలేదు. మాట కోసం మంత్రి పదవిని వదులుకున్న వారిని వేళ్లపై లెక్కించవచ్చు. ఆపై 1957లో పార్వతీపురం నుంచి పోటీచేసి స్వల్ప తేడాతో పరాజయం పాలయ్యారు.

1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నెగ్గారు. విధి వైచిత్రి ఏమంటే, 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మెను కేంద్రం ఉక్కుపాదంతో అణచివేసినపుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆయనే. ఆ సమ్మెకు సారథ్యం వహించిన జార్జి ఫెర్నాండెజ్, ఒకనాడు గిరి అధ్యక్షత వహించిన సమాఖ్యకే నాటి అధ్యక్షుడు. అదే ఏడాది ఆగస్టులో గిరి పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న అందుకున్న ఆయన 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.