చీమలకు ఇల్లు కట్టిన పండితుడు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాలలోగాని, వనపర్తిలోగాని, నల్లమల అడవులకు చేరువనున్న నాగర్‌కర్నూలులోగాని ఏ యింటి వంటగదిని చూచినను ఒక చిన్న యుపాయము కానవచ్చుచుండును. బెల్లపు కుండనో, నేతిగిన్నెనో గృహిణి నీరు పోసిన పళ్ళెము నడుమ నుంచును. చీమలు నీటిని దాటి రాలేవు. కావున తీపి వస్తువు భద్రముగా నుండును. చీమలు ఇంటిలోనికి రాకుండుటకై మన తల్లులు పన్నిన ఈ యుపాయమునే, చీమలు ఇల్లు విడిచి పోకుండుటకై వాడిన పండితు డొకడు ఇంగ్లండు దేశమున నుండెను. ఆయన తన యింటనే చీమలకు అద్దపు టిండ్లు కట్టి, వానిని కన్నబిడ్డలవలె పెంచి, వాని జీవిత రహస్యములను లోకమునకు వెల్లడించెను. ఆయన పేరు సర్ జాన్ లబ్బక్.

జాన్ లబ్బక్ 1834వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి పేరుగాంచిన బ్యాంకు యజమాని. అంతేకాక గణితమునందును ఖగోళశాస్త్రమునందును దిట్ట. 1840లో ఆ కుటుంబము కెంటు మండలమునందలి డౌను గ్రామమునకు సమీపముననున్న హై ఎల్మ్స్ అను తోటబంగళాకు కాపురము మార్చెను. 1842లో ఒకనాడు తండ్రి ఇంటికి వచ్చి, ఒక గొప్ప శుభవార్త తెచ్చితినని కుమారునితో చెప్పెను. తనకొక చిన్న గుఱ్ఱమును కొనియిచ్చుచున్నారు కాబోలునని ఆ యెనిమిదేండ్ల బాలుడు ఉప్పొంగిపోయెను. కాని ఆ వార్త వేరు. చార్లెస్ డార్విన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు డౌను గ్రామమునకు కాపురము వచ్చుచున్నాడట! బాలుడు మిక్కిలి నిరాశ చెందెను. ఎన్ని గుఱ్ఱములైనను ఆ పొరుగువానికి సాటిరావని అతనికి తరువాతగాని తెలియలేదు.

లబ్బక్ ఈటన్ పాఠశాలలో చదువుచుండెను. పదునైదేండ్లు నిండకమునుపే ఆ చదువునకు ఆటంకము కలిగెను. బ్యాంకులోని భాగస్వాములు జబ్బుపడుటచే పని జరుగుట కష్టమయ్యెను. తండ్రి కుమారుని బడి మాన్పించి బ్యాంకులో కూర్చుండబెట్టెను. తోటివారు పాఠశాలలకును విశ్వవిద్యాలయములకును పోవుచుండగా, ఆ బాలుడు లండనులో లెక్కలు వ్రాయుచుండెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కి చదువుకొను భాగ్య మతనికి మరల కలుగలేదు. ఇట్టి స్థితిలో మరియొకడైనచో విధిని దూరుచు కాలము గడపియుండును. లబ్బక్ అట్లు చేయలేదు. వేకువనే లేచి చదువుకొనుట అలవాటు చేసికొనెను. సెలవు దొరికినపుడెల్ల డార్విన్ ఇంటికి నడచిపోవుచుండెను. ఆ బాలుని యుత్సాహమును గమనించి, అతనికొక సూక్ష్మదర్శిని కొనియిమ్మని డార్వినే తండ్రికి సలహా చెప్పెను. డార్విన్ తెచ్చిన సముద్రజీవులను పరిశీలించి, లబ్బక్ 1853లో తన తొలి శాస్త్రవ్యాసమును ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిదేండ్లు. 1858లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. బడి మానిన బాలుడు ఇరువదినాలుగేండ్లకే దేశమునందలి మహాపండితుల సరసన కూర్చుండెను.

బ్యాంకుపని మాత్ర మాయన విడువలేదు. 1870లో పార్లమెంటు సభ్యుడు కూడ నయ్యెను. మరుసటి యేట ఆయన కృషివలన బ్యాంకు సెలవుల చట్టము వచ్చినది. చిన్ననాటినుండి బ్యాంకు గుమాస్తాల శ్రమను కన్నులార చూచినవాడగుటచే, వారికి మరికొన్ని విశ్రాంతిదినములు కల్పింపవలెనని ఆయన పట్టుపట్టెను. పగలు బ్యాంకు, సాయంకాలము పార్లమెంటు. ఇక తీరిక యెక్కడిది? అట్టి తీరికలేని మనుష్యుడు చీమలను పెంచుటకు పూనుకొనుట వింతగా తోచును.

పూర్వమునుండియు అన్ని దేశములవారును చీమను పొగడుచునే యున్నారు. చీమ బుద్ధిశాలి యనియు, ముందుచూపు కలదనియు కథలు పెక్కులు కలవు. జెనీవా నగరమున పియరీ హ్యూబర్ అను నాతడు చీమలను శ్రద్ధగా పరిశీలించి 1810లో ఒక గ్రంథమును వ్రాసెను. అయినను చీమ నిజముగా ఆలోచించునా? వినునా? తన వారిని గుర్తించునా? ఈ ప్రశ్నలకు కథలవలన సమాధానము దొరకదు. చీమలను చిరకాలము దగ్గర నుంచుకొని, వానిచేతనే సమాధానము చెప్పింపవలెనని లబ్బక్ నిశ్చయించెను.

కాని చీమల పుట్ట నేలలోపల చీకటిలో నుండును. త్రవ్వినచో పాడగును, త్రవ్వనిచో కానరాదు. దీనికి ఆయన చేసిన యుపాయ మిది. రెండు గాజుపలకలను ఒకదానిపై నొకటి పరచి, వాని నడుమ చీమ నడయాడుటకు మాత్రము చాలినంత సందు విడిచెను. ఆ సందులో మెత్తని మట్టిని నింపి, అంచులను మూసి, రాకపోకలకు ఒక చిన్న ద్వార ముంచెను. చీమలు ఆ మట్టిలో తమకు వలసిన గదులను, దారులను తామే తొలుచుకొన్నవి. సందు సన్ననిదగుటచే ఏ చీమయు మట్టిచాటున దాగలేదు. చీమలకు వెలుతురు గిట్టదు గనుక, చూడని వేళలందు గాజుపై మూత కప్పియుంచెను. ఇట్టి గూళ్ళను ఒక స్తంభమునకు అమర్చిన బల్లలపై నుంచి, చుట్టును నీటి కందకము నేర్పరచెను. తేనె ఆహారముగా నిచ్చుచు, మట్టి యెండిపోకుండ తడుపుచుండెను. గూటిలో సంతతి పెరిగి చోటు చాలనపుడు చీమలను పెద్దగూటికి మార్చుచుండెను. క్రమముగా ఆయన యింట ముప్పదినుండి నలువది వరకు చీమల సంసారములు వెలసినవి.

ఒక రాణిచీమ తోడులేకయే క్రొత్త సంసారమును స్థాపింపగలదా యన్నది ఆ కాలమున తేలని ప్రశ్న. 1876లో లబ్బక్ శ్రామిక చీమలు లేకుండ కొన్ని రాణిచీమలను, మగచీమలను వేరుగా నుంచెను. రాణులు గ్రుడ్లు పెట్టి, పిల్లపురుగులను తామే సాకినవి. మరుసటి యేటి వేసవిలో తొలి శ్రామిక చీమ వెలువడెను. పెద్దపుట్ట యైనను ఒక్క తల్లితో ఆరంభము కాగలదని అట్లు ఋజువయ్యెను.

వేలకొలది చీమలలో ఒకదానిని గుర్తుపట్టుట యెట్లు? లబ్బక్ చీమ వీపుపై సన్నని రంగుచుక్క పెట్టుచుండెను. ఆ గుర్తు ననుసరించి ఒక్కొక్క చీమ చేయు పనిని గంటలకొలది చూచి వ్రాసికొనుచుండెను. ఒకనాడు గుర్తుపెట్టిన ఒక చీమ ఉదయమునుండి రాత్రి ప్రొద్దుపోవువరకు విశ్రాంతి యెరుగక, 187 పిల్లపురుగులను గూటికి మోసికొనిపోయెను. ఆ చీమ ఎంత ఓర్పుతో పనిచేసెనో, చూచుచున్న మనుష్యుడును అంత ఓర్పుతోనే కూర్చుండెను.

చీమలు వినునేమో యని ఆయన గూటి చెంత ఫిడేలు వాయించెను, ఈలలు వేసెను, గట్టిగా అరచెను. చీమలు చలింపలేదు. ఇక వెలుతురు విషయమున గొప్ప విశేషము బయటపడెను. పట్టకముద్వారా వెలుతురును ఏడు రంగులుగా విడదీసి గూటిపై ప్రసరింపజేయగా, చీమలు తమ పిల్లలను ఊదారంగు పడినచోటినుండి ఎత్తుకొనిపోయినవి. ఊదారంగునకు ఆవల, మన కంటికి చీకటిగా తోచుచోటున నుంచినను పిల్లలను తీసికొనిపోయినవి. మనకు కనబడని అతినీలలోహిత కిరణములు చీమలకు తెలియునని ఈ పరీక్షవలన తేలినది. మానవుడు చూచు లోకమే సమస్త ప్రాణులును చూచుననుట పొరపాటని శాస్త్రలోకము గ్రహించెను.

ఒకే గూటి చీమలను విడదీసి, ఏడాది తొమ్మిది నెలల పిమ్మట మరల కలుపగా, అవి పోరాడక స్నేహముగా నుండినవి. పరాయిగూటి చీమ వచ్చినచో వెంటనే పైబడినవి. మరియొక వింత కలదు. మన రైతులు పైరుపై చూచు పేనుబంక పురుగులు కొన్నింటి గ్రుడ్లను చీమలు శరత్కాలమున గూటిలోనికి తెచ్చి, చలికాలమంతయు తమ గ్రుడ్లతో సమానముగా కాపాడి, వసంతమున పిల్లలు వెలువడగానే మొక్కలపైకి చేర్చుటను ఆయన కనుగొనెను.

ఇట్లు ప్రేమతో పెంచిన చీమలను ఆయన అతిగా పొగడలేదు. అదియే ఆయన గొప్పతనము. ఒక పరీక్షలో చీమలకు ప్రియమైన పిల్లపురుగులను ఒక చిన్నగిన్నెలో నుంచి, వ్రేలి వెడల్పునకంటె తక్కువ యెత్తున వ్రేలాడదీసెను. అందుకొనుటకు కొంచెము మట్టిని పోగుచేసికొన్న చాలును. మట్టియు చెంతనే కలదు. చీమల కా యాలోచన తట్టలేదు; అవి కొన్ని అడుగుల పొడవుగల కాగితపు దారిని పట్టి చుట్టుతిరిగి పోవుచునే యుండినవి. తాను ప్రేమించిన ప్రాణి తెలివితక్కువగా ప్రవర్తించిన సంగతిని లబ్బక్ దాచలేదు. చీమ నెగ్గిన పరీక్షలను, ఓడిన పరీక్షలను సమానముగా వ్రాసెను. చీమలు, తేనెటీగలు, కందిరీగలను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1882లో వెలువడి ప్రసిద్ధి కెక్కెను. ఆ యేటనే డార్విన్ మరణించెను. తన గురువునకు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి లభించుటకై లబ్బక్ పాటుపడి, ఆయన శవపేటికను మోసినవారిలో తానును ఒకడయ్యెను.

ప్రాణులను పెంచుట యనగా వాని బ్రతుకునకు పూటపడుట. ఆ బాధ్యత యెంతటిదో లబ్బక్ అనుభవమున తెలిసికొనెను. ఒకమారు చీమలను క్రొత్తగూటికి మార్చుచుండగా, పొరపాటున ఒక రాణిచీమ నలిగి మరణించెను. చచ్చిన శ్రామిక చీమలను గూటి వెలుపలికి ఈడ్చివేయు చీమలు, ఆ రాణిని విడిచిపెట్టలేదు. ఆమెను తమతో క్రొత్తగూటికి తీసికొనిపోయి, జీవించియున్నట్లే కొన్ని వారములపాటు ఆమె చుట్టును గుమికూడినవి. తన చేతివలన జరిగిన ఆ యపాయమును కూడ ఆయన దాచక వ్రాసెను.

1874 డిసెంబరులో ఆయన యింటికి తెచ్చిన రెండు రాణిచీమల చరిత్ర ఇంకను ఆశ్చర్యకరమైనది. చీమ ఒక్క యేడాదికంటె బ్రతుకదని ఆనాడు పలువురు తలచుచుండిరి. కాని ఆ రాణులు సంవత్సరము వెంట సంవత్సరము జీవించుచునే యుండినవి. ఈ మధ్యకాలమున లబ్బక్ భార్య 1879లో గతించెను. 1880 ఎన్నికలలో ఆయన తన స్థానమును కోల్పోయెను. పిమ్మట లండను విశ్వవిద్యాలయము ఆయనను తన ప్రతినిధిగా పార్లమెంటునకు పంపెను. విశ్వవిద్యాలయమున చదువని వానికి దక్కిన గౌరవమది! సుఖము వచ్చినను, దుఃఖము వచ్చినను చీమలకు నీరు, తేనె తప్పలేదు. ఆ రాణులలో ఒకటి 1887 జూలైలోను, రెండవది 1888 ఆగస్టు 8వ తేదీనను మరణించినవి. రెండవ రాణి వయస్సు పదునాలుగేండ్లకు తక్కువ కాదు. ఒక చిన్నప్రాణి ఆయుర్దాయమును తెలిసికొనుటకు ఒక మహాపురుషుడు పదునాలుగేండ్లు కాచుకొనియుండెను.

లబ్బక్ ప్రాచీన చరిత్రయందును ఘనుడే. 1865లో ప్రకటించిన గ్రంథమున రాతియుగమును ప్రాత రాతియుగము, క్రొత్త రాతియుగము అని రెండుగా విభజించినది ఆయనయే. ఏవ్‌బరీ గ్రామమున వేలయేండ్లనాటి రాతికట్టడముల చెంత ఇండ్లు కట్టుటకై భూమిని అమ్మజూపగా, తన ధనముతో ఆ భూమిని కొని వానిని కాపాడెను. 1882లో పురాతన కట్టడముల రక్షణచట్టమును సాధించెను. 1900లో ప్రభుపదవి లభించినపుడు, తాను కాపాడిన ఆ గ్రామము పేరనే లార్డ్ ఏవ్‌బరీ అని బిరుదు స్వీకరించెను. 1913 మే 28వ తేదీన ఆయన పరమపదించెను. చీమలు వసించిన హై ఎల్మ్స్ భవనము 1967లో అగ్నికి ఆహుతియైపోయినను, ఆ తోట ప్రజల ఉద్యానవనముగా నిలిచియున్నది.

మన గడ్డపైని చీమలును పండితుల దృష్టిని తప్పించుకొనలేదు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ దక్షిణభారతమునందలి చీమజాతుల పట్టికను 1851లోనే ప్రకటించెను. అయినను పొలముగట్టుపైనను, ఇంటిగోడ పగులులోనను సాగిపోవు చీమలబారు నేటికిని చూచువానికి క్రొత్త పాఠమును నేర్పగలదు. దానికి ధనమక్కరలేదు; పెద్దచదువులు సాగలేదని చింతింప నక్కరలేదు. ఓర్పుతో చూచుటయు, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుటయు చాలును. బెల్లపు కుండ క్రింది నీటిపళ్ళెమును చూచినపుడెల్ల, ఆ నీటిని చీమల ఇంటికి కోటగా మార్చిన మహనీయుని స్మరించుట మనకు తగియున్నది.