మాతృభూమికి మరలివచ్చిన ముహాజిర్ - మౌలానా ఉబైదుల్లా సింధీ (రహ్మలై)

మన ఇళ్ళలో పెద్దవారు దుఆ చేసేటప్పుడు ఒక కోరిక తరచుగా వినపడుతుంది. చివరి శ్వాస మక్కాలోనో, మదీనాలోనో విడిచే భాగ్యం ప్రసాదించమని వారు అల్లాహ్‌ను వేడుకుంటారు. అలాంటి భాగ్యం దాదాపుగా చేతికందిన ఒక ధర్మపండితుడు, 67 ఏళ్ళ వయసులో పవిత్ర కాబా నీడను వదలి, ఆంగ్లేయుల ఏలుబడిలో ఉన్న స్వదేశానికి ఓడ ఎక్కారు. ఆయనే మౌలానా ఉబైదుల్లా సింధీ.

ఆయన ఎందుకు తిరిగి వచ్చారు? 24 ఏళ్ళు పరాయి నేలపై తిరిగిన మనిషి స్వదేశానికి ఏం మోసుకొచ్చారు? భారత స్వాతంత్ర్య పోరాటంలో ఉలమాల పాత్ర గురించి మన పిల్లలకు తెలిసింది చాలా తక్కువ. కనుక ఈ నెల మేము ఈ మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

సత్యాన్వేషణలో ఒక బాలుడు

మౌలానా 1872 మార్చి 10న పంజాబ్‌లోని సియాల్‌కోట్ జిల్లా చిలాన్‌వాలీ గ్రామంలో ఒక సిక్కు కుటుంబంలో జన్మించారు. ఆయన పుట్టకముందే తండ్రి మరణించారు. కొంతకాలానికి తాతగారు కూడా కన్నుమూయడంతో మేనమామల వద్ద పెరిగారు. బడిలో చదువుకుంటున్న రోజుల్లో ఆయన చేతికి తుహ్‌ఫతుల్ హింద్ అనే పుస్తకం వచ్చింది. స్వయంగా ఇస్లాం స్వీకరించిన ఒక పండితుడు రాసిన పుస్తకమది. ఆ తరువాత షా ఇస్మాయీల్ షహీద్ (రహ్మలై) రాసిన తఖ్వియతుల్ ఈమాన్ చదివారు. తౌహీద్ వెలుగు ఆ పసి మనసులో నాటుకుంది.

1887లో, పదిహేనేళ్ళ వయసులో ఆయన ఇల్లు విడిచి సింధ్ ప్రాంతానికి చేరుకున్నారు. తనకు దారి చూపిన ఆ గ్రంథకర్త పేరునే తన పేరుగా పెట్టుకున్నారు. అక్కడ భర్చూండీకి చెందిన హాఫిజ్ ముహమ్మద్ సిద్దీఖ్ గారు ఆయన్ని కన్నబిడ్డలా ఆదరించారు. ఆ ఆదరణకు కృతజ్ఞతగానే పంజాబ్‌లో పుట్టిన ఈ యువకుడు జీవితాంతం తనను సింధీ అని చెప్పుకున్నారు. ఒక విధంగా చూస్తే ఇది ఆయన మొదటి వలస. రక్తసంబంధాన్ని కాక, తనను ఆదుకున్న నేలను ఆయన ఇంటిపేరుగా చేసుకున్నారు.

గురువుగారి సన్నిధిలో

1888లో ఆయన దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌లో చేరారు. అక్కడ ఆయనకు లభించిన గురువు మౌలానా మహ్మూద్ హసన్ (రహ్మలై). తరువాతి కాలంలో ప్రజలు ఆయన్ని షేఖుల్ హింద్ అని గౌరవంగా పిలుచుకున్నారు. చదువు ముగించుకొని 1891లో సింధ్ తిరిగివెళ్ళిన శిష్యుడు బోధన వృత్తిలో స్థిరపడ్డారు. 1901లో పీర్ ఝండా గ్రామంలో దారుల్ ఇర్షాద్ అనే విద్యాలయాన్ని స్థాపించారు.

1909లో గురువుగారి పిలుపుపై మళ్ళీ దేవ్‌బంద్ వచ్చి, పూర్వ విద్యార్థులను ఒక్కతాటిపైకి తెచ్చే జమీయతుల్ అన్సార్ బాధ్యత చేపట్టారు. ఆ తరువాత ఢిల్లీ ఫతేపురి మసీదులో నజారతుల్ మఆరిఫ్ అనే సంస్థ నడిపారు. ఇంగ్లీషు చదువులు చదివిన ముస్లిం యువకులకు ఖుర్ఆన్ జ్ఞానాన్ని అందించడం ఆ సంస్థ ఉద్దేశం. మదరసాకూ, కళాశాలకూ మధ్య ఉన్న గోడ సమాజానికి చేటు చేస్తుందని ఆయన నమ్మారు.

కాబూల్‌కు హిజ్రత్

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఒకవైపు బ్రిటన్, మరోవైపు జర్మనీ. ఉస్మానియా తుర్కీ జర్మనీ పక్షాన నిలిచింది. ఆంగ్లేయులు యుద్ధంలో చిక్కుకున్న ఈ సమయంలోనే దేశాన్ని విడిపించాలని షేఖుల్ హింద్ తలపెట్టారు. బయటి నుంచి ముస్లిం రాజ్యాల సాయం, సరిహద్దు తెగల తిరుగుబాటు, లోపలి నుంచి ప్రజల తిరుగుబాటు - ఇదీ ఆయన ప్రణాళిక. తాను హిజాజ్ వెళ్ళి తుర్కీ అధికారులను కలవాలని, శిష్యుడు కాబూల్ వెళ్ళాలని నిర్ణయించారు.

గురువుగారు ఆజ్ఞ ఇచ్చారే గాని, అక్కడ ఏం చేయాలో వివరంగా చెప్పలేదు. అయినా శిష్యుడు వెనుకాడలేదు. 1915లో రహస్యంగా సరిహద్దు దాటి అక్టోబరులో కాబూల్ చేరుకున్నారు. అప్పుడాయన వయసు 43 ఏళ్ళు.

అప్పటికే అక్కడికి జర్మనీ, తుర్కీల దౌత్య బృందం వచ్చి ఉంది. దానితోపాటు రాజా మహేంద్ర ప్రతాప్, భోపాల్‌కు చెందిన మౌలానా బర్కతుల్లా కూడా వచ్చారు. 1915 డిసెంబర్ 1న వీరంతా కలిసి ప్రవాసంలో భారత తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించారు. రాజా మహేంద్ర ప్రతాప్ అధ్యక్షుడు, బర్కతుల్లా ప్రధానమంత్రి, మన మౌలానా హోంమంత్రి. హిందువు అధ్యక్షతన ఇద్దరు మౌలానాలు పనిచేసిన ఆ ప్రభుత్వాన్ని మనం గుర్తుంచుకోవాలి. పరాయి పాలనను తొలగించే పనిలో పొరుగువారితో కలిసి నడవడానికి వారి విశ్వాసం ఎంతమాత్రం అడ్డు రాలేదు.

పట్టుగుడ్డపై లేఖలు

కాని వారి ఆశలన్నీ అమీర్ హబీబుల్లా ఖాన్ మీదే ఆధారపడి ఉన్నాయి. అమీర్ ఆంగ్లేయుల నుంచి ఏటా ధనం పుచ్చుకుంటున్నారు. వచ్చిన అతిథులను ఆదరించారు, మాటలు విన్నారు, కాలయాపన చేశారు. యుద్ధంలో మాత్రం దిగలేదు. జర్మనీ బృందం 1916లో నిరాశతో వెనుదిరిగింది.

అదే ఏడాది జూలైలో మౌలానా తన గురువుగారికి అక్కడి పరిస్థితులు తెలుపుతూ పసుపుపచ్చని పట్టుగుడ్డపై లేఖలు పంపారు. దుస్తుల లోపల కుట్టి దాచడానికి అనువుగా ఉంటుందని పట్టును ఎంచుకున్నారు. ఆ లేఖలు సింధ్‌లోని హైదరాబాద్‌కు చేరి, అక్కడి నుంచి హిజాజ్‌లో ఉన్న షేఖుల్ హింద్‌కు అందాలి. (ఇది మన హైదరాబాద్ కాదని పాఠకులు గమనించాలి.) కాని లేఖలు తెచ్చిన వ్యక్తి ముల్తాన్‌లో తన పాత యజమాని దగ్గర ఆగారు. ఆ యజమాని ఆంగ్లేయులకు విధేయుడు. ఆగస్టులో లేఖలు నేరుగా ప్రభుత్వం చేతికి చిక్కాయి. దేశమంతటా అనేక మందిని పట్టుకొని విచారించారు. 1918లో వచ్చిన రౌలట్ కమిటీ నివేదికలో కూడా ఈ పట్టులేఖల కుట్ర ప్రస్తావన ఉంది.

దీని తరువాత గురువుగారికి పెద్ద ఆపద వచ్చింది. 1916 చివరిలో మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్ ఆయన్ని అరెస్టు చేయించి ఆంగ్లేయులకు అప్పగించారు. షేఖుల్ హింద్‌ను, ఆయన అనుచరులను మాల్టా ద్వీపంలో బంధించారు. 1920లో విడుదలై స్వదేశం చేరిన ఆయన, అదే సంవత్సరం నవంబర్ 30న తుదిశ్వాస విడిచారు. ఎవరి ఆజ్ఞతో ఇల్లూ వాకిలీ వదిలివచ్చారో, ఆ గురువుగారి కడచూపు కూడా శిష్యునికి దక్కలేదు.

కూలిపోయిన ఆశలు

1919లో హబీబుల్లా హత్యకు గురయ్యారు. కొత్త అమీర్ అమానుల్లా ఖాన్ ఆంగ్లేయులతో యుద్ధం చేసి తన దేశానికి స్వాతంత్ర్యం సాధించుకున్నారు. మౌలానాకు మళ్ళీ ఆశలు చిగురించాయి. 1920లో ఖిలాఫత్ ఉద్యమ కాలంలో వేలాది భారతీయ ముస్లిములు ఆస్తులు అమ్ముకొని, పిల్లాపాపలతో హిజ్రత్ చేసి ఆఫ్ఘనిస్తాన్ దారి పట్టారు. అంతమందిని పోషించే శక్తి ఆ పేద దేశానికి లేకపోయింది. సరిహద్దు మూసుకుంది. దారిలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మిగిలినవారిలో ఎక్కువమంది చితికిపోయి ఇంటికి తిరిగి వచ్చారు.

1921లో కాబూల్ ప్రభుత్వం ఆంగ్లేయులతో ఒప్పందం కుదుర్చుకుంది. ఇక అక్కడ భారతీయ విప్లవకారులకు చోటు లేకుండా పోయింది. 1922లో మౌలానా కాబూల్ వదిలారు.

అక్కడి నుంచి మాస్కో. అక్కడ కొన్ని నెలలుండి రష్యా విప్లవాన్ని దగ్గరగా చూశారు. పేదల పట్ల ఆ ప్రభుత్వం చూపిన శ్రద్ధను మెచ్చుకున్నారు గాని, దైవాన్ని కాదనే సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. 1923లో తుర్కీ వెళ్ళారు. ఏ ఖలీఫా పేరుతో ఇన్నేళ్ళు కష్టపడ్డారో, ఆ ఖిలాఫత్‌నే 1924 మార్చిలో తుర్కీ అసెంబ్లీ రద్దు చేసింది. ఆ సమయంలో మౌలానా ఆ దేశంలోనే ఉన్నారు.

ఒక్కసారి ఆలోచిద్దాం. జర్మనీ వెళ్ళిపోయింది. కాబూల్ చేయిచ్చింది. ఖిలాఫత్ పోయింది. గురువుగారు లేరు. స్వదేశానికి వెళితే జైలు. ఇటువంటి స్థితిలో చాలామంది నిరాశకు లోనవుతారు, లేదా పాత మాటనే పట్టుకొని వేలాడతారు. మౌలానా ఈ రెండూ చేయలేదు. తన లెక్క ఎక్కడ తప్పిందో తరచి చూసుకున్నారు.

కొత్త ఆలోచన

1924లో ఇస్తాంబుల్ నుంచి ఆయన స్వతంత్ర భారతదేశం కోసం ఒక రాజ్యాంగ ప్రణాళికను ప్రచురించారు. పరాయి రాజుల సైన్యాల ఊసు అందులో లేదు. భారతదేశం అనేక భాషలు, సంస్కృతులు గల ప్రాంతాల సముదాయమని, ఆ ప్రాంతాలన్నీ స్వయంపాలనతో ఒక సమాఖ్యగా కలిసి ఉండాలని ప్రతిపాదించారు. వయోజనులందరికీ ఓటు ఉండాలని, రైతుకూ కార్మికునికీ న్యాయం జరగాలని కోరారు. ఆంగ్ల ప్రభుత్వం ఆ ప్రణాళిక దేశంలోకి రాకుండా నిషేధించింది. అందులో ఉన్నవన్నీ అందరికీ అంగీకారం కాకపోవచ్చు. కాని భాషా ప్రాతిపదికన 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటం చూసిన మనకు, ఆ ఆలోచన ఎంత ముందుచూపు గలదో సులభంగానే అర్థమవుతుంది.

పవిత్ర మక్కాలో

తుర్కీ నుంచి ఆయన హిజాజ్ చేరుకొని, సుమారు పన్నెండేళ్ళు మక్కాలో గడిపారు. రాజకీయాలకు దూరంగా ఉంటూ ఖుర్ఆన్ బోధనలో, షా వలీయుల్లా దెహ్లవీ (రహ్మలై) గ్రంథాల అధ్యయనంలో మునిగిపోయారు. రష్యాకు చెందిన తాతారు పండితుడు మూసా జారుల్లా వంటివారు సైతం ఆయన వద్ద ఖుర్ఆన్ వ్యాఖ్యానం నేర్చుకొని రాసుకున్నారు. హరమ్ నీడ, ఖుర్ఆన్ బోధన, విద్యార్థుల ఆదరణ - ఒక వృద్ధ పండితునికి ఇంతకంటే ఏం కావాలి?

తిరుగు ప్రయాణం

అయినా ఆయన మనసు స్వదేశం వైపే లాగింది. 1937లో రాష్ట్రాలలో ఎన్నికైన మంత్రివర్గాలు ఏర్పడ్డాక, ఆయన్ని తిరిగి రానివ్వాలని కాంగ్రెస్ నాయకులు, సింధ్ పెద్దలు ప్రయత్నించారు. చివరికి అనుమతి లభించింది. 1939లో ఆయన కరాచీ రేవులో ఓడ దిగారు. వెళ్ళేటప్పుడు నడివయస్కుడు, వచ్చేటప్పుడు వృద్ధుడు.

స్వాగతం పలికినవారు పాత విప్లవకారుని మాటలు ఆశించారు. ఆయన చెప్పింది వేరు. విముక్తి కోసం బయటి రాజ్యాల వైపు చూడవద్దని, ఈ నేల మీదే, ఈ ప్రజలతో కలిసే దానిని సాధించాలని బోధించారు. ఆధునిక విజ్ఞానాన్ని, పరిశ్రమలను నేర్చుకోమన్నారు. ఒకప్పుడు సాయుధ తిరుగుబాటుకు పథకం వేసిన మనిషి, ఇప్పుడు అహింసా మార్గాన్ని సమర్థించారు. మతం పేరుతో దేశాన్ని విభజించే ఆలోచనను వ్యతిరేకించారు. ఆయన అభిప్రాయాలు కొన్నిటిని తోటి ఉలమాలు కూడా గట్టిగా విమర్శించారు. తాను చూసి తెలుసుకున్నదాన్ని చెప్పడం ఆయన మానలేదు.

ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియా ఆయనకు ఆశ్రయమిచ్చింది. 1920లో ఆ విద్యాసంస్థ ప్రారంభోత్సవానికి అధ్యక్షత వహించినవారు మరెవరో కాదు, ఆయన గురువు షేఖుల్ హింద్. కడచూపు దక్కని గురువుగారి నీడ శిష్యునికి ఈ విధంగా లభించింది. అక్కడ బైతుల్ హిక్మత్ పేరుతో షా వలీయుల్లా భావాలను యువకులకు బోధించారు.

1944 ఆగస్టులో, 72 ఏళ్ళ వయసులో, ఖాన్‌పూర్ దగ్గరి దీన్‌పూర్‌లో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అక్కడే ఖననం జరిగింది. మూడేళ్ళ తరువాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దేశం రెండుగా చీలింది కూడా. ఆయన సమాధి పాకిస్తాన్‌లో ఉండిపోయింది, ఆయన చదువుకున్న దేవ్‌బంద్, చదువు చెప్పిన ఢిల్లీ భారతదేశంలో ఉండిపోయాయి. పాకిస్తాన్ 1990లో ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది. భారత ప్రభుత్వం 2013లో పట్టులేఖల ఉద్యమ స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మనం నేర్చుకోవలసింది

మక్కా నీడను వదిలి ఆయన ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానం. ఆరాధన అంటే ఒక మూల కూర్చొని ముక్తి కోరుకోవడం మాత్రమే అని ఆయన అనుకోలేదు. తాను నేర్చుకున్నదాన్ని తన ప్రజలకు అప్పగించడాన్ని అమానతుగా భావించారు. దైవప్రవక్త (స) తన జన్మస్థలమైన మక్కాను ఎంతగా ప్రేమించారో మనకు తెలుసు. పుట్టిన నేల మీద ప్రేమ విశ్వాసానికి విరుద్ధం కాదు.

నేడు కూడా మనలో కొందరు, సమాజం కష్టాల్లో ఉందనగానే ఎక్కడో ఉన్న ఏదో ఒక రాజ్యం వచ్చి ఆదుకుంటుందని కలలు కంటారు. 24 ఏళ్ళు అలాంటి రాజ్యాల గుమ్మాలు తొక్కిన మనిషి తెచ్చిన సమాచారం మన ముందుంది. మన స్థితి మారాలంటే మార్పు మన నుంచే మొదలుకావాలని దివ్యఖుర్ఆన్ మనకు బోధిస్తోంది. మన పిల్లల చదువు, మన మొహల్లా శుభ్రత, పొరుగువారితో మన సంబంధాలు, మన ఓటు - ఇవి ఏ దూరదేశపు పాలకుడూ వచ్చి సరిచేసేవి కావు.

మరో విషయం. తప్పును ఒప్పుకోవడం పెద్దవారికి మరీ కష్టం. యౌవనంలో నమ్మిన దారి మూసుకుపోయిందని గ్రహించి, అరవై ఏడేళ్ళ వయసులో ఆ మాట అందరిముందూ చెప్పగలగటం మౌలానాలోని గొప్పతనం. ఈ రాత్రి భోజనాల దగ్గర మన పిల్లలకు ఆయన కథ చెబుదాం.

అల్లాహ్ మౌలానాను తన కారుణ్యంలోకి తీసుకొనుగాక! మనకు మన బాధ్యతలు గుర్తెరిగే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.