బ్రాంప్టన్ జమీందారు రెక్కలు

విమానమనగానే మనకు రైటు సోదరుల పేరు స్ఫురిస్తుంది. 1903 డిసెంబరు 17న అమెరికాలో కిటీహాక్ ఇసుక దిబ్బల దగ్గర వారు సాధించిన విజయం సామాన్యమైనది కాదు. అయితే వారిలో పెద్దవాడైన విల్బరు, తమకు నూరేండ్ల క్రిందటనే ఈ శాస్త్రానికి పునాది వేసిన ఆంగ్లేయుడొకడున్నాడని 1909లో నిస్సంకోచంగా అంగీకరించాడు. పలుచని పుల్లలకు కాగితం అతికించి, ముందు రెక్క, వెనుక తోక అమర్చి పిల్లలు మేడమీదినుంచి వదిలే బొమ్మవిమానం ఉన్నదే, దాని రూపురేఖలు మొట్టమొదట నిర్ణయించినవాడు కూడా ఆయనే. పేరు సర్ జార్జి కేలీ. ముప్పదియేండ్ల ప్రాయంలో ఆ బొమ్మను చేసి, తరువాత రెక్కలు కట్టే పనిని నలుబదియేండ్లు ప్రక్కనబెట్టి, డెబ్బది దాటిన పిమ్మట మళ్ళీ ఉలీ సుత్తీ చేతబట్టిన మనిషి.

కేలీ 1773 డిసెంబరు 27న యార్కుషైరు తీరంలోని స్కార్బరో పట్టణంలో జన్మించాడు. ఫ్రాన్సులో మాంగోల్ఫియే సోదరుల బెలూను ఆకాశానికి లేచిన 1783లో ఆయనకింకా పదేండ్లు నిండలేదు. ఆ వార్త ఐరోపాలోని పిల్లలందరి చెవిని బడినట్లే ఈ పిల్లవాని చెవినీ పడింది, వదలిపోలేదు. 1792లో తండ్రి గతించగా పందొమ్మిదవ యేట బారొనెట్ బిరుదమూ, బ్రాంప్టన్ గ్రామంలోని భవనమూ, చుట్టుపట్ల భూములూ ఆయనకు సంక్రమించాయి. చదువు ఇంటిదగ్గరి గురువుల వద్దనే సాగింది. వారిలో జార్జి వాకర్ గణితవేత్త, మతాచార్యుడు. 1795లో ఆ గురువుగారి కుమార్తె సారాను కేలీ వివాహమాడాడు.

మరుసటి సంవత్సరం ఆయన చేసిన మొదటి ఎగిరే వస్తువు కేవలం ఆటవస్తువు. రెండు బిరడాలు, ఒక్కొక్కదానికి నాలుగేసి పక్షియీకలు, తిమింగిలపు ఎముకతో చేసిన చిన్న విల్లు, ఒక దారం. విల్లు విడివడితే ఈకలు ఎదురెదురుగా తిరుగుతూ బొమ్మను పైకి లేపుతాయి. ఈ కల్పన ఆయన సొంతం కాదు. ఫ్రెంచివారిద్దరు 1784లోనే ఇటువంటిదానిని ప్రదర్శించారు. దానిని తన చేతితో చేసి, అది ఎందుకు లేచినదని ఆలోచించడంలోనే కేలీ ప్రత్యేకత ఉన్నది.

అంతకు ముందటివారందరూ పక్షిని చూచి భ్రమపడ్డారు. పక్షి రెక్క ఆడించి ఎగురుతున్నది గనుక మనమూ రెక్కలాడించవలెననుకొని, చేతులకు తట్టలవంటి రెక్కలు కట్టుకొని గోపురాలమీదనుంచి దూకి కాళ్ళు విరుగగొట్టుకొన్నారు. రెక్క రెండు పనులు చేస్తున్నదని కేలీ గ్రహించాడు. బరువును మోయడం ఒక పని, ముందుకు నెట్టడం మరొక పని. మనిషి చేసే యంత్రంలో ఈ రెండింటినీ విడదీయవచ్చు. రెక్కను కదలకుండా బిగించి మోతపని దానికి అప్పగించి, నెట్టుడుపని వేరే సాధనానికి ఒప్పగించవచ్చు. 1799లో ఒక చిన్న వెండిబిళ్ళపై ఒకవైపు బిగింపు రెక్కల విమానం బొమ్మనూ, రెండవవైపు రెక్కపై గాలి చూపే బలాల రేఖాచిత్రాన్నీ ఆయన చెక్కించాడు. ఆ బిళ్ళ లండను సైన్సు మ్యూజియంలో ఉన్నది. ఇప్పుడిది పాఠశాల బాలునికి సైతం తెలిసిన సంగతిలా తోస్తుంది. తెలియనినాడు మొదట ఊహించినవాడికే దాని కష్టం తెలుసు.

1804లో తన భవనంలోనే, మేడమెట్ల నడుమనున్న ఖాళీని ప్రయోగశాలగా చేసుకొన్నాడు. క్రిందికి జారే బరువుతో తిరిగే ఒక పొడుగు కఱ్ఱ, దాని కొసన అడుగు చదరపు కాగితపు పలక. ఆ పలకను వేర్వేరు కోణాలలో వంచి, ఏ కోణంలో గాలి ఎంత ఎత్తుతున్నదో లెక్క గట్టాడు. ఆ యేడే బొమ్మ విమానం తయారయింది. 154 చదరపు అంగుళాల మామూలు గాలిపటాన్ని 6 డిగ్రీల వాలుతో ఒక కఱ్ఱకు బిగించాడు. కఱ్ఱ వెనుక కొసన అడ్డంగా ఒకటీ నిలువుగా ఒకటీ రెండు పలకల తోక. ఆ తోకను కావలసినట్లు త్రిప్పుకోవచ్చు. బరువు సరిచూచుకోవడానికి మొనగల ఒక తూనిక. దానిని కఱ్ఱలో ఎక్కడ కావలిస్తే అక్కడ గుచ్చవచ్చు. ముందుకు విసరితే సమనేలపై 20, 30 గజాలు సాగేది. కొండవాలున వదిలితే తిన్నగా, నిబ్బరంగా జారిపోయేది. ఆ దృశ్యం చూచి ఆయన పొందిన సంతోషం నోటుపుస్తకంలో కనిపిస్తుంది. ఇటువంటిదే పెద్దది చేస్తే ఆల్ప్సు పర్వతాలు దిగడానికి కంచరగాడిదకన్నా క్షేమకరమైన వాహనమవుతుందని వ్రాసుకొన్నాడు. గాలిపటం ఎగురవేసిన ప్రతి బాలుడూ ఎప్పుడో ఒకప్పుడు దానిమీద తాను కూర్చొన్నట్లు కలగన్నవాడే. ఈయన కలతోపాటు కొలతలు కూడా వ్రాసిపెట్టాడు.

1809, 1810 సంవత్సరాలలో నికల్సన్ పత్రికలో మూడు భాగాలుగా ఆయన ఆకాశయానంపై వ్యాసం ప్రకటించాడు. వియన్నాలో డేగన్ అనే గడియారాల పనివాడు ఎగిరాడన్న వార్త ఆయనచేత కలం పట్టించింది. డేగన్‌కు పైన బెలూను ఆసరా ఉన్నదన్న మాట ఆ వార్తలో లేదు! ఏమైనా, ఆ పొరపాటు మంచికే వచ్చింది. ఆ వ్యాసంలోనే తన 300 చదరపు అడుగుల యంత్రాన్ని గురించి చెప్పాడు. ఎదురుగాలిలో దానిని పట్టుకొని పరుగెత్తిన మనిషి కాళ్ళు నేలకు ఆనీ ఆనకుండా ఉండేవట. ఒక్కొక్కప్పుడు కొన్ని గజాలు అతనిని ఎత్తుకొనిపోయేదట. నెట్టుడు సాధనాన్ని పరీక్షించేలోగానే దురదృష్టవశాత్తు అది విరిగిపోయింది.

విరిగినది మళ్ళీ కట్టవచ్చు. అసలు కొరత ఇంజనులో ఉన్నది. ఆనాటి ఆవిరియంత్రం తన బరువునే తాను మోయలేనిది. కేలీ వేడిగాలితో నడిచే యంత్రాన్ని ప్రయత్నించాడు; తుపాకిమందుతో నడిచేదానిని ప్రయత్నించాడు; ఏదీ అక్కరకు రాలేదు. పైగా ఎగిరే ఊసెత్తినవానిని పిచ్చివాడుగా చూచి నవ్వే కాలమది. ఆకాశయాన పరిశోధనకు ఒక సంఘం పెట్టాలని 1816 తరువాత ఒకసారి, 1837లో మరొకసారి పిలుపునిచ్చాడు. ధనమిచ్చేవారు ముందుకు రాలేదు. బెలూనులను గురించి వ్యాసాలు వ్రాశాడు గాని, రెక్కలు కట్టడం మానివేశాడు.

మానివేసినంత మాత్రాన ఆయన చేతులు ఖాళీగా లేవు. పల్లపు భూముల ముంపునీరు సముద్రంలోకి మళ్ళించే కాలువపనులు నడిపించాడు. చక్రాలక్రింద తానే పట్టాలు పరచుకొంటూ పోయే బండికి 1825లో పేటెంటు పొందాడు. తరువాతికాలపు ట్రాక్టరుకూ యుద్ధటాంకుకూ అది తాత వంటిది. చేయి పోగొట్టుకొన్న తన రైతుబిడ్డ ఒకనికోసం కృత్రిమహస్తం రూపొందించాడు. 1832లో స్కార్బరో ప్రతినిధిగా పార్లమెంటులో ప్రవేశించాడు. 1838లో లండను పాలిటెక్నిక్ సంస్థ స్థాపనలో ముఖ్యుడు.

ఇట్లా ముప్పది యేండ్లు దాటిపోయాయి. ఇంతలో హెన్సన్ అనే యువకుడు 1842లో ఆవిరి విమానానికి పేటెంటు తీసుకొన్నాడు. అది పిరమిడ్లమీదుగా ఎగురుతున్నట్లు చిత్రాలు అచ్చయి ఊరూరా ప్రచారమయ్యాయి. 1843లో కేలీ మెకానిక్స్ మాగజైనులో దానిని పరామర్శించాడు. 150 అడుగుల పొడుగున ఒకే రెక్క పెడితే నిలువదు, చిన్న రెక్కలను అంతస్తులుగా పేర్చడం మేలని సూచించాడు. నలుబదియేండ్ల క్రిందటి తన ఆలోచనలనే దేశం క్రొత్తగా కనుగొన్నట్లు చెప్పుకోవడం వినడానికి ఆయనకెట్లా ఉన్నదో గాని, ఆ వ్యాసంలో అసూయ లేదు. వృద్ధుడు మళ్ళీ కార్ఖానాలో అడుగుపెట్టాడు.

1849లో, డెబ్బదియారవ యేట, మూడంతస్తుల రెక్కలతో ఒక యంత్రం సిద్ధమయింది. నేలమీద దొర్లడానికి దానికి చక్రాలున్నాయి. సన్నని చువ్వలు లాగిపట్టే తేలికచక్రాన్ని ఆయన 1808లో ఎగిరే యంత్రంకోసమే ఊహించాడు. నేటి సైకిలు చక్రం ఆ జాతిదే. మొదట బరువులు వేసి వదిలాడు. తరువాత పదేండ్ల బాలుడొకనిని కూర్చోబెట్టాడు. కొండవాలున అది కొన్ని గజాలు నేలవిడిచి తేలింది. ఆ బాలుని పేరు చరిత్ర భద్రపరచలేదు. మనిషిని మోసి గాలిలో తేలిన బిగింపు రెక్కల యంత్రాల కథలో మొదటివరుసన నిలువదగినవాడు వాడు. పరుల బిడ్డను అందులో కూర్చోబెట్టడం తగునా అన్న ప్రశ్న మనకు తోస్తుంది. జమీందారుల కాలం, ఆ ప్రశ్న అడిగేవారు ఆ ఊరిలో ఉండి ఉండరు. డెబ్బదియారేండ్ల శరీరంతో తాను ఎక్కలేడన్నది నిజమే. అయినా ఆ బరువు ఆయన ఖాతాలోనిదే.

1852 సెప్టెంబరులో మెకానిక్స్ మాగజైను ఆయన క్రొత్త యంత్రం బొమ్మను ముఖపత్రంపై వేసింది. బెలూనునుంచి విడిచితే మనిషి తోకను త్రిప్పుకొంటూ క్షేమంగా దిగగల ఏర్పాటు అది. మరుసటి యేడు, ఇంటివారి కథనం ప్రకారం, బ్రాంప్టన్ లోయ మిట్టనుంచి ఇంత పెద్దదే ఒకటి గాలిలోకి సాగింది. ఈసారి లోపల కూర్చున్నది ఆయన బండి తోలే నౌకరు. లోయకు అడ్డంగా పోయి అవతలి ఒడ్డున దిగింది. నౌకరు ఎట్లాగో బయటపడి, తనను పెట్టుకొన్నది గుఱ్ఱాలు తోలడానికిగాని ఎగరడానికి కాదని చెప్పి, ఆ క్షణాననే కొలువు మానుకొంటానన్నాడు. తొమ్మిది పదేండ్ల మనుమరాలు దగ్గర నిలిచి చూచింది. 1921లో, ముదుసలియై, ఆ ముచ్చట చెప్పింది. విజ్ఞానచరిత్రకారులు నౌకరు కోపాన్ని చెప్పి నవ్విస్తారు. అతని మాటలో న్యాయం లేకపోలేదు.

అదే 1853లో కేలీ తన పడుచునాటి ఆటవస్తువును మళ్ళీ చేతికి తీసుకొన్నాడు. దారం లాగితే గిరగిర తిరుగుతూ పైకి లేచే ఆ బొంగరాన్ని బాగుచేసి, 90 అడుగుల ఎత్తుకు పోయేట్లు చేసి, దాని చిత్రాన్ని ఫ్రాన్సులోని ఆకాశయానికుడు డ్యుప్వీ దెల్కూర్‌కు పంపాడు. బిరడాలూ ఈకలూ కట్టిననాటికీ దీనికీ మధ్య 57 సంవత్సరాలు.

1854లో సారా కన్నుమూసింది. 1857 డిసెంబరు 15న బ్రాంప్టన్ భవనంలో కేలీ మరణించాడు. 84వ జన్మదినానికి పన్నెండు రోజులే తక్కువ. ఆయన రెండుసార్లు తలపెట్టి సాధించలేని ఆకాశయాన సంఘం 1866లో లండనులో వెలిసింది. నోటుపుస్తకం 1933లో అచ్చయింది. ఆయన వ్రాసిపెట్టిన వివరాలనుబట్టి యంత్రాన్ని మళ్ళీ కట్టి 1973లో అదే బ్రాంప్టన్ లోయలో ఎగురవేశారు. ఈ మారు అందులో కూర్చున్నవాడు ఎగరడమే వృత్తిగా గల డెరెక్ పిగట్.