సోజర్నర్ ట్రూత్ - అక్షరము నేర్వని సాక్షి

శతవార్షికోత్సవము వచ్చినప్పుడు మనము పాత రిజిస్టర్లు తెరుస్తాము. బాప్తిస్మముల పట్టీ, వివాహముల పట్టీ, చందాల లెక్క, కమిటీ తీర్మానములు, ఇవన్నియు వ్రాయనేర్చినవారు వ్రాసిపెట్టినవి. మరి వ్రాయనేరనివారి సాక్ష్యము ఎక్కడ ఉన్నది? అది వారి నోటిలోనే ఉండినది. విన్నవారు జ్ఞాపకముంచుకొన్నంతవరకే నిలిచినది. ఈ సంగతి తలచినప్పుడెల్ల నాకు అమెరికా దేశపు నల్లజాతి స్త్రీ ఒకామె గుర్తుకు వస్తుంది. ఆమె సుమారు 86 ఏండ్లు జీవించినది. అక్షరము నేర్వలేదు. అయినను ఆమె నోటిమాటను విడిచి అమెరికా చరిత్ర చెప్పుట నేడు ఎవరికిని సాధ్యము కాదు.

ఆమె 1797 ప్రాంతమున న్యూయార్క్ రాష్ట్రములోని అల్‌స్టర్ కౌంటీలో బానిసగా పుట్టినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇసబెల్లా. బానిసత్వము అనగానే దక్షిణాది ప్రత్తి పొలములే మనకు తోస్తాయి. కాని ఉత్తరాన ఉన్న న్యూయార్క్‌లోను ఆ దినములలో బానిసలు ఉండెడివారు. ఆ ప్రాంతము డచ్చివారు స్థిరపడిన చోటు గనుక ఇసబెల్లా మొదట నేర్చినది డచ్చి భాషయే. ఆమె పుట్టిన దినమును ఎవరును వ్రాసిపెట్టలేదు.

యజమాని ఇంటి క్రింద నేలమాళిగ ఒకటి ఉండెడిది. పలకల సందులలో నీరు, బురద ఊరెడి ఆ చీకటి గదిలో బానిసలందరు కలిసి పండుకొనెడివారు. తల్లిదండ్రులకు పుట్టిన పది పన్నెండుమంది బిడ్డలలో ఎక్కువమంది అప్పటికే అమ్ముడుపోయినారు. రాత్రివేళ ఆ తల్లి, ఆ తండ్రి పోయిన బిడ్డల కథ చెప్పుకొనెడివారు. ఒక మంచు ఉదయమున ఇంటి ముందర గుర్రపు బండి వచ్చి ఆగినదట. ఐదేండ్ల కొడుకు దానిని చూచి సంతోషించినాడు. మూడేండ్ల చెల్లెలిని బండి పెట్టెలో పెట్టి మూసివేయుట చూచిన తరువాత గాని వానికి సంగతి తెలియలేదు. బండి దిగి పరుగెత్తి మంచము క్రింద దాగినాడు. దాగినను విడువలేదు. ఇసబెల్లా ఆ అన్నను, ఆ అక్కను ఎరుగదు. తల్లి చెప్పగా విన్నది. విన్న దానిని ముసలితనము వరకు మరువలేదు. ఆకాశమందు దేవుడు ఉన్నాడనియు, కష్టము వచ్చినప్పుడు ఆయనను అడుగవలెననియు నేర్పినది కూడ ఆ తల్లియే.

తొమ్మిదేండ్ల వయస్సున ఆమెను గొఱ్ఱెల మందతో కలిపి వేలము వేసినారు. ధర 100 డాలర్లు. కొన్నవారికి ఇంగ్లీషు తప్ప వేరు భాష రాదు, ఈ పిల్లకు డచ్చి తప్ప వేరు భాష రాదు. ఒకటి తెమ్మంటే మరొకటి తెచ్చినది. అందుకై కొట్టిన దెబ్బల మచ్చలు ఆమె వీపున చివరి వరకు నిలిచినవి. తరువాత చేతులు మారి, 1810లో జాన్ డ్యుమాంట్ అను రైతు ఇంటికి వచ్చి, అక్కడ 16 ఏండ్లు పని చేసినది. ఐదుగురు బిడ్డలను కన్నది.

న్యూయార్క్ చట్టము ప్రకారము 1827 జులై 4న ఆమెకు విడుదల రావలసి ఉన్నది. నమ్మకముగా పని చేస్తే ఏడాది ముందుగానే విడిచిపెట్టెదనని డ్యుమాంట్ మాట ఇచ్చి, తీరా గడువు వచ్చేసరికి తప్పినాడు. ఆమె తన వంతు ఉన్ని అంతయు వడికి ముగించినది. పిమ్మట 1826 చివరలో, తెల్లవారకముందే, చంటిబిడ్డను చంకనెత్తుకొని నడిచి వెళ్లిపోయినది. వాన్ వాగెనెన్ అను దంపతులు ఆమెను చేర్చుకొని, మిగిలిన కాలపు సేవకై 20 డాలర్లు, బిడ్డకై 5 డాలర్లు డ్యుమాంట్‌కు చెల్లించినారు.

ఇంతలో పిడుగువంటి వార్త తెలిసినది. ఐదారేండ్ల కొడుకు పీటరును చట్టమునకు విరుద్ధముగా దూరపు అలబామా రాష్ట్రమునకు అమ్మివేసినారు. ఆమె చేతిలో డబ్బు లేదు, చదువు లేదు, అండ లేదు. అయినను నా బిడ్డను నాకు ఇప్పించండి అని కింగ్‌స్టన్ కోర్టుకు వెళ్లినది. క్వేకర్ విశ్వాసులు కొందరు తోడైనారు. 1828లో ఆమె గెలిచినది. తెల్లవానిపై దావా వేసి గెలిచిన మొదటి నల్లజాతి స్త్రీలలో ఆమె ఒకతె. కోర్టులో పిల్లవాడు భయముచేత ఈమె నా తల్లి కాదని ఏడ్చినాడు. ఇంటికి తెచ్చి చొక్కా విప్పి చూచినప్పుడు వాని వీపంతయు కొరడా దెబ్బల గట్లే.

ఈ వ్యాజ్యపు కథ ఆమె నోటివెంట వచ్చినది. తీర్పుకు ఆధారమైన అసలు కాగితములు చాలకాలము ఎవరి కంటను పడలేదు. 2022లో న్యూయార్క్ రాష్ట్రపు పాత పత్రముల భాండాగారములో అవి బయటపడినవి. దాదాపు 200 ఏండ్ల తరువాత కాగితము వచ్చి చదువురాని తల్లి మాటకు సాక్ష్యము పలికినది.

1829లో ఆమె న్యూయార్క్ నగరమునకు వెళ్లి ఇండ్లలో పని చేసుకొన్నది. అక్కడ ఆమె తప్పుదారియు తొక్కినది. మత్తియాస్ అను పేరు పెట్టుకొని ప్రవక్తనని చెప్పుకొన్న మోసగాని వెంట నడిచి, కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకొన్నది. ఆ గుంపు చెదరినప్పుడు విషము పెట్టినదను నింద ఆమె మీద పడినది. నింద మోపినవారి మీద దావా వేసి మరల గెలిచినది. కొడుకు పీటరు 1839లో తిమింగలముల వేట ఓడ ఎక్కినాడు. 1842లో ఓడ తిరిగి వచ్చినది గాని పీటరు రాలేదు. ఆ తరువాత కొడుకు సంగతి ఆమెకు తెలియనే లేదు.

1843 జూన్ 1న, ఒక మూటలో బట్టలు కట్టుకొని, ఇసబెల్లా అను బానిస నామమును విడిచి, ఆమె నగరము దాటినది. సోజర్నర్ ట్రూత్ అను పేరు పెట్టుకొన్నది. మన భాషలో సత్యయాత్రికురాలు అనవచ్చును. దేవుడు పంపిన చోటికి వెళ్లి, చూచినది చెప్పుటయే ఇక ఆమె పని.

మసాచుసెట్స్‌లో ఆలివ్ గిల్బర్ట్ అను స్త్రీ ఆమె చెప్పగా విని వ్రాసిన జీవితకథ 1850లో అచ్చయినది. ఆ పుస్తకమును ఆమె సభ సభకు తీసికొనిపోయి అమ్ముకొని జీవించినది. తన పుస్తకమును తాను చదువలేదు! అందులో ఒక చక్కని సంగతి ఉన్నది. పరిశుద్ధ గ్రంథము చదివించుకొనవలసి వచ్చినప్పుడు ఆమె పెద్దలను గాక పిల్లలను పిలిచెడిది. పెద్దలు చదువుచు మధ్యలో తమ అర్థము చెప్పెడివారు. పిల్లలైతే ఒకే వచనమును ఎన్నిసార్లు అడిగినను ఉన్నది ఉన్నట్లు చదివెడివారు. వాక్యమును తానే విని, తానే తూచుకొనవలెనని ఆమె కోరిక.

అటువంటి స్త్రీ మాటకే ఏమి జరిగినదో చూడండి. 1851 మే నెలలో ఒహాయో రాష్ట్రపు ఏక్రన్ పట్టణములో స్త్రీల హక్కుల సభ జరిగినది. ఆమె లేచి మాటలాడినది. దున్నితిని, కోసితిని, పురుషునితో సమానముగా పని చేసితిని అన్నది. ప్రభువైన యేసు స్త్రీలను త్రోసివేయలేదనియు, ఆయన లోకమునకు వచ్చినది దేవుని వలన, స్త్రీ వలననే అనియు జ్ఞాపకము చేసినది. ఆ సభకు కార్యదర్శియైన మారియస్ రాబిన్సన్ ఆమె స్నేహితుడు. నెల తిరుగకముందే ఆయన దానిని పత్రికలో ప్రచురించినాడు. పండ్రెండేండ్ల తరువాత, 1863లో, ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సెస్ గేజ్ తన జ్ఞాపకము నుండి మరల వ్రాసినది. ఇందులో నేను స్త్రీని కానా అను ప్రశ్న మాటిమాటికి వస్తుంది, ఆ ప్రశ్న రాబిన్సన్ వ్రాతలో లేదు. డచ్చి భాషలో పెరిగిన స్త్రీ నోట దక్షిణాది బానిసల యాస పెట్టబడినది. ఐదుగురి తల్లి పదముగ్గురి తల్లి అయినది. లోకమంతట పేరుపడినది మాత్రము ఈ రెండవదే. గేజ్ గారిది మంచి ఉద్దేశమే. కాని ప్రేమతో చేర్చినను చేర్పు చేర్పే గదా.

అంతర్యుద్ధ కాలమున ఆమె నల్లజాతి సైనికులకు ఆహారము, బట్టలు పోగుచేసినది. 1864 అక్టోబరు 29న అధ్యక్షుడు లింకన్‌ను కలిసినది. 1865లో వాషింగ్టన్ ట్రాము కండక్టరు ఒకడు ఆమెను త్రోసి భుజము గాయపరచగా, అతనిని చట్టము ముందు నిలిపినది. విడుదలైనవారికి పడమటి ప్రాంతమున భూమి ఇవ్వవలెనని ఊరూర సంతకములు సేకరించినది. ప్రభుత్వము ఇవ్వలేదు. 1883 నవంబరు 26న మిచిగన్ రాష్ట్రపు బాటిల్ క్రీక్ పట్టణములో ప్రభువునందు నిద్రించినది. సమాధి రాతి మీద ఆమె వయస్సు సుమారు 105 అని చెక్కినారు. పుట్టుక వ్రాయనివారు మరణమును కూడ సరిగా వ్రాయలేకపోయినారు.

మన తెలుగు నేలయు ఇందుకు దూరము కాదు. ఒంగోలులో సేవచేసిన క్లౌ దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, చెప్పులు కుట్టుకొను మాదిగ పెద్దలు చెప్పిన జ్ఞాపకములను విని 1899లో ఒక పుస్తకము ప్రచురించినది. ఆమె కూర్చుండి వినకపోతే ఆ పెద్దల మాటలు వారితోనే పోయి ఉండెడివి.

కనుక, ప్రియ చదువరులారా, ఈ శతవార్షిక సంవత్సరమున మీ ఇంటిలోని ముసలి అవ్వ దగ్గర, గుడి వెనుక వరుసలో కూర్చుండు తాత దగ్గర ఒక సాయంకాలము కూర్చుండండి. వారు చెప్పినది వ్రాసికొనండి. తేదీ వేయండి, విన్నవారి పేరు వేయండి. అందముకొరకు ఒక మాట చేర్చకండి, మర్యాదకొరకు ఒక మాట తీసివేయకండి. వచనమును చదివిన ఆ పిల్లలవలె, ఉన్నది ఉన్నట్లు అందించుటయే సాక్షికి మనము చేయగల గౌరవము.