భూగర్భ రహస్యాన్వేషి డాక్టర్ ఎం. ఎస్. కృష్ణన్

మనము భూమిపై నడయాడుచున్నాము; అది పండించిన ధాన్యమును భుజించుచున్నాము. కాని మన పాదముల క్రింద నేమున్నదో మనలో నెందరెరుగుదురు? ఆ రహస్యము నెరుగుటకై జీవితమును ధారవోసిన మహనీయులలో డాక్టర్ మహారాజపురం సీతారామ కృష్ణన్ గారు అగ్రగణ్యులు.

వీరు 1898 ఆగస్టు 24వ తేదీన తంజావూరు జిల్లా మహారాజపురమున జన్మించిరి. మద్రాసున పట్టభద్రులై, లండన్ ఇంపీరియల్ కళాశాలయందు పరిశోధన సల్పి డాక్టరేటు పట్టమునంది, 1924లో భారత భూగర్భ పరిశోధన శాఖయందు ప్రవేశించిరి. ఒరిస్సాలోని గంగపూరు సంస్థానమున కొండలను, అడవులను గాలించి అచ్చటి శిలల చరిత్రను వెలయించిరి.

ఆనాటికి మన దేశపు శిలలను గూర్చిన విజ్ఞానము శాఖవారి నివేదికలలో చెల్లాచెదరుగా నుండెను. సామాన్య విద్యార్థికి అవి అందని మ్రానిపండ్లు. కృష్ణన్ గారు దానినంతటిని క్రోడీకరించి, 1943లో భారత, బర్మా దేశముల భూవిజ్ఞానమును గూర్చి ఆంగ్లమున నొక గ్రంథమును వెలువరించిరి. అది పలుమారులు ముద్రణమొంది, తరతరముల విద్యార్థులకు పాఠ్యగ్రంథమయ్యెను.

భూగర్భ పరిశోధన శాఖ 1851లో స్థాపితమైనది. సరిగా నూరేండ్లకు, 1951లో, దానికి తొలి భారతీయ అధిపతి కృష్ణన్ గారే. మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమైన సంవత్సరమది. కర్మాగారములకు ఇనుము, బొగ్గు, మాంగనీసు ఎచ్చట దొరకునో చెప్పవలసిన బాధ్యత వారిపై బడెను. 1955 వరకు దానిని సమర్థతతో నిర్వహించిరి.

పిదప 1958లో, అరువదేండ్ల వయస్సున, విశ్రాంతి గోరక విశాఖపట్టణమునకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భూవిజ్ఞాన, భూభౌతిక శాఖకు ఆచార్యులైరి. మన ప్రాంతము ఆ శాస్త్రమునకు క్రొత్తది కాదు. తూర్పు కనుమల ఖోండుల పేర ఖోండలైటు, చీపురుపల్లి చేరువనున్న కోడూరు పేర కోడురైటు అను శిలలు శాస్త్రగ్రంథములకెక్కినవి. కోడూరున మాంగనీసు త్రవ్వకములు 1892లోనే ఆరంభమైనవి.

1961లో హైదరాబాదున జాతీయ భూభౌతిక పరిశోధనాలయము వెలసినపుడు దానికి ప్రథమ సంచాలకులుగా కృష్ణన్ గారినే నియమించిరి. వైద్యుడు నాడిని బట్టి దేహములోని రుగ్మతను గ్రహించునట్లు, భూభౌతిక శాస్త్రజ్ఞుడు నేలను త్రవ్వకయే దాని లోపలిని గ్రహించును. బరువైన శిలయున్నచోట భూమ్యాకర్షణ రవంత హెచ్చును. నేలలోనికి విద్యుత్తును పంపినచో, పొడిరాతికంటె నీరు నిండిన పొర దానిని సులభముగా ప్రసరింపనిచ్చును. ఇట్టి కొలతలవలన ఖనిజముల జాడయే గాక నూతులకు అనువైన తావులును తెలియును. నూరడుగులు త్రవ్వియు చుక్కనీరు గానని మెట్టరైతునకు ఈ విద్య విలువ వేరుగ జెప్పనేల?

1963 వరకు వారా సంస్థను నడపి గట్టి పునాది వేసిరి. 1970లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో వారిని గౌరవించెను. ఆ యేడే వారు కీర్తిశేషులైరి. భారత భూభౌతిక సంఘము యువశాస్త్రజ్ఞులకు వారి పేర పతకము నొసగుచున్నది.

పదవులు కాలగతిని ముగిసినవి. కాని చెదరియున్న విజ్ఞానమును ఒక్కచోట జేర్చి అందరికి అందించిన గ్రంథము నిలిచినది. గ్రంథాలయముల పరమార్థమును అదియే. మన గ్రామ యువకులు పుస్తకమున జదివినదానిని తమ నేలయందును, తమ కొండలయందును పరిశీలించి చూతురుగాక! కృష్ణన్ గారికి మనమర్పింపదగిన నివాళి యింతకు మించినది లేదు.