అలెస్సాండ్రో వోల్టా

అలెస్సాండ్రో వోల్టా (ఫిబ్రవరి 18, 1745 - మార్చి 5, 1827) ఇటలీకి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. ఎడతెగని విద్యుత్ప్రవాహాన్ని ఇచ్చిన తొలి సాధనమైన వోల్టా స్తంభాన్ని నిర్మించాడు. వోల్టేజికి ప్రమాణమైన వోల్టు ఈయన పేరు మీదుగానే ఏర్పడినది.

జీవితము

వోల్టా ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో జన్మించాడు. 1774లో అక్కడి పాఠశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. మరుసటి సంవత్సరం ఎలక్ట్రోఫోరస్ అనే పరికరాన్ని మెరుగుపరచాడు. 1776లో మజ్జోరె సరస్సు అంచున బురదనేలల నుండి వెలువడే మండే వాయువును సేకరించి పరిశీలించాడు. దీనినే నేడు మీథేన్ అంటారు. తరువాత పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా చేరి సుమారు నలభై సంవత్సరాలు పనిచేశాడు.

ఆవేశము, వోల్టేజి

వస్తువులో చేరిన విద్యుదావేశము వేరు, ఆ ఆవేశము చూపే ఒత్తిడి వేరు అని వోల్టా గ్రహించాడు. ఒకే పరిమాణంగల ఆవేశాన్ని కెపాసిటీ తక్కువగా ఉన్న వాహకానికి ఇస్తే ఒత్తిడి ఎక్కువగాను, కెపాసిటీ ఎక్కువగా ఉన్న వాహకానికి ఇస్తే తక్కువగాను ఉంటుంది. నేటి పరిభాషలో ఈ ఒత్తిడియే వోల్టేజి. ఒక కూలూంబు ఆవేశము ఒక వోల్టు తేడాగల రెండు బిందువుల మధ్య కదిలినపుడు ఒక జౌల్ శక్తి మార్పిడి జరుగుతుంది. అనగా, శక్తిని ఆవేశముతో భాగించగా వచ్చునదే వోల్టేజి. ఆ రోజుల్లోని ఘర్షణ యంత్రాలు వేల వోల్టులను పుట్టించినా, వాటిలో చేరే ఆవేశము అత్యల్పము. అందువలన శక్తి కూడా స్వల్పమై, ఒక్క మెరుపుతో అయిపోయేది.

గాల్వానీతో వివాదము

బొలోనా నగరానికి చెందిన లూయీజీ గాల్వానీ, రెండు లోహాలతో తాకించినపుడు చచ్చిన కప్ప కాళ్ళు కదలుటను గమనించి, జంతువులోనే విద్యుత్తు ఉన్నదని 1791లో ప్రకటించాడు. వోల్టా మొదట దీనిని ఒప్పుకున్నా, తరువాత విభేదించాడు. విద్యుత్తుకు కారణము రెండు వేర్వేరు లోహాల స్పర్శ అనియు, కప్ప కాలు దానిని తెలిపే సాధనము మాత్రమే అనియు వాదించాడు. తన వాదాన్ని నిరూపించుటకు కప్పను పూర్తిగా తొలగించి, వెండి, జింకు బిళ్ళల జతల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు ఉంచి స్తంభముగా పేర్చాడు. జతలు పెరిగినకొద్దీ వోల్టేజి పెరిగింది. ఈ విషయాన్ని 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షునికి లేఖ ద్వారా తెలియజేశాడు. గాల్వానీ 1798లోనే మరణించినందున ఈ స్తంభాన్ని చూడలేదు.

శక్తికి మూలము

వోల్టా లోహాల స్పర్శ ఒక్కటే చాలునని భావించాడు. కాని స్పర్శ మాత్రముచేత ఎడతెగకుండా శక్తి రాదు. స్తంభములో జింకు క్రమంగా కరగిపోతుంది. ఆ రసాయన చర్యలో విడుదలయ్యే శక్తియే ఆవేశాన్ని నడిపిస్తుంది. ఇది వోల్టా మరణానంతరము, శక్తి నిత్యత్వ నియమము స్థిరపడిన పిదప స్పష్టమైనది. నాడులలో, కండరాలలో విద్యుత్తు ఉన్నదన్న గాల్వానీ అభిప్రాయము కూడా తరువాతి కాలంలో నిజమని తేలింది. ఆ విధంగా ఇద్దరి వాదములలోను కొంత సత్యము, కొంత పొరపాటు ఉన్నాయి.

గౌరవాలు

1800లోనే ఇంగ్లాండులో నికల్సన్, కార్లైల్ అనువారు ఇటువంటి స్తంభముతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. 1801లో వోల్టా పారిస్‌లో నెపోలియన్ ఎదుట తన ప్రయోగాలను ప్రదర్శించాడు. నెపోలియన్ 1810లో ఈయనకు కౌంట్ బిరుదు ప్రదానం చేశాడు. 1819లో పదవీ విరమణ చేసి, కోమో సమీపంలోని తన స్వగృహంలో శేషజీవితాన్ని గడిపాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ వోల్టు అనే పేరును ఆమోదించింది. టార్చిలైటు ఘటముపై కనిపించే 1.5 వోల్టులు అనే గుర్తుకు, దాని గుండా సాగే ప్రతి కూలూంబు ఆవేశానికి ఆ ఘటము సుమారు 1.5 జౌళ్ళ శక్తిని అందిస్తుందని అర్థము.