నక్షత్రకాంతిని చదివిన వైను బప్పు

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల రైతులకు రోహిణి, ఆర్ద్ర కార్తెలు చిరపరిచితములు. కార్తె నాళ్ళలో సూర్యుడు ఆ తారల చెంతనుండుటచే అవి కానరావు. మాఘమాసపు రాత్రి తలయెత్తి చూచినచో రోహిణి, ఆర్ద్ర ఎఱ్ఱగాను, తెల్లవారుజామున చిత్త నీలిచాయగల తెల్లదనముతోను మెఱయును. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱనై, వేడి హెచ్చిన కొలది తెల్లనగును గదా! తారల తీరును అట్టిదే. ఎఱ్ఱని తార వేడి తక్కువది. నీలితార మిక్కిలి వేడిది.

ఈ కాంతిని చదువుటకే జీవితము ధారపోసిన మహనీయుడు వైను బప్పు. ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించెను. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి యగుటచే బాల్యము దూరదర్శినుల నడుమ గడచెను. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డునకు వెడలెను. 1949లోనే ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనెను. అది ఆయన పేరితోపాటు బోక్, న్యూకర్క్ అను ఇరువురి పేర్లతో ప్రసిద్ధి చెందెను.

ఆ హార్వర్డులోనే పూర్వము ఆనీ కానన్ అను విదుషి రెండు లక్షలకు పైబడిన తారల వర్ణపటములను పరిశీలించి, వేడిమి క్రమమున ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అను తరగతులుగా ఏర్పరచెను. చిత్త బి, సూర్యుడు జి, రోహిణి కె, ఆర్ద్ర ఎం తరగతికి చెందును.

కాని తరగతి తెలిసినంతమాత్రమున దూరము తెలియదు. గోదావరి ఆవలి యొడ్డున మినుకుమను దీపము దగ్గఱి ప్రమిదయో, దూరపు కాగడాయో చెప్పగలమా? ఈ చిక్కును విప్పుటకు బప్పు, ఓలిన్ విల్సన్‌తో కలసి పరిశోధించెను. చల్లని తారల వర్ణపటమునందు కాల్షియము వలన నేర్పడు ఒక నల్లని గీత నడుమ సన్నని వెలుగుగీత యుండును. ఆ వెలుగుగీత ఎంత వెడల్పో, తార సహజకాంతి అంత అధికమని వారు 1957లో ప్రకటించిరి. సహజకాంతి తెలిసినచో, మనకు కనబడు కాంతితో పోల్చి దూరమును గణింపవచ్చును.

విదేశముననే యుండిన పెద్ద దూరదర్శినులు ఆయనకు అందుబాటులో నుండెడివి. అయినను 1953లో స్వదేశమునకు మరలెను. నైనితాలు వేధశాలను తీర్చి, 1960లో కొడైకనాలు బాధ్యత వహించెను. జావాది కొండలలోని కావలూరున క్రొత్త వేధశాలను నెలకొల్పెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యెను.

స్వదేశముననే ఒక మహాదూరదర్శిని నిర్మింపవలెనని ఆయన చిరకాలము శ్రమించెను. అది పూర్తికాకమునుపే 1982 ఆగస్టు 19న, ఏబదియైదేండ్ల ప్రాయమున, జర్మనీలోని మ్యూనిక్ నగరమున కన్నుమూసెను. 2.34 మీటర్ల అద్దముగల ఆ దూరదర్శిని 1986లో ఆయన పేరనే వెలసెను.

తాను నాటిన చెట్టు ఫలమును తాను చూడకపోయినను, దాని నీడ పరులకు దక్కెను. గ్రంథాలయములు నాటినవారి కథయు నిట్టిదే. మన పల్లె బాలుడొకడు ఇచ్చటి పుస్తకము మూసి, ఆరుబయట మంచముపై పండుకొని, రోహిణి ఎఱ్ఱనగుటకు కారణమేమని తలపోసినచో ఈ గ్రంథాలయ స్థాపకుల శ్రమ సార్థకమగును.